సైకోసిస్‌కు లోనగు స్వభావము, మూర్తిమత్వ లక్షణాంశముల నమూనాలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతము

ఇద్దరు యువకులను ఊహించుకొందము. మొదటివాడు మాటకు ముందే చేయి ఎత్తువాడు. ఎదుటివారి బాధ వానికి పట్టదు. చేసిన తప్పుకు పశ్చాత్తాపపడడు. ఇంటివారు వానిని గూర్చి, "వీడికి పిచ్చి పట్టిందేమోనండీ" అని చెప్పుకొని బాధపడుచుందురు. రెండవవాడు నెమ్మదస్థుడు, చదువులో ముందుండినవాడు. గత ఆరు నెలలుగా స్నేహితులతో మాట్లాడుట మానివేశాడు. రాత్రులు నిద్రపోడు. టి.వి.లో వార్తలు చదువువారు తనను గూర్చియే ఏవో సంకేతములు ఇచ్చుచున్నారని ఒకసారి తల్లితో మెల్లగా చెప్పాడు. వాని వలన ఎవరికిని గొడవ లేదు గనుక ఇంటివారు అంతగా పట్టించుకొనలేదు.

ఈ ఇద్దరిలో ఎవరి విషయమై మనము ముందుగా జాగ్రత్తపడవలెను? అనేక దశాబ్దములుగా ప్రపంచమంతట వాడబడిన ఒక మూర్తిమత్వ ప్రశ్నావళిలో "సైకోటిసిజమ్" అను పేరు గల కొలమానము ఉన్నది. ఆ పేరునుబట్టి చూచినయెడల సైకోసిస్‌కు దగ్గరగా ఉన్నవానికే అందులో ఎక్కువ స్కోరు రావలెనని తోచును. అయితే ఆ కొలమానముపై ఎక్కువ స్కోరు వచ్చునది మొదటివానికే. రెండవవానికి మామూలు స్కోరే రావచ్చును. నిజముగా వైద్యసహాయము త్వరగా అవసరమైనది మాత్రము రెండవవానికి.

పేరుకును విషయమునకును మధ్య ఈ తేడా ఎలాగు వచ్చినది? సైకోసిస్‌కు లోనగు స్వభావమును మూర్తిమత్వ లక్షణాంశముల నమూనాలు ఎంతవరకు వివరించగలవు? కౌన్సెలింగ్ పరిచర్యలో ఉన్నవారు ఆ స్కోరులను ఎలాగు అర్థము చేసికొనవలెను? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలించుదము.

2. పదముల వివరణ

సైకోసిస్ అనగా మనస్సు వాస్తవముతో సంబంధమును కోల్పోవు స్థితి. ఎవరును లేకుండగనే స్వరములు వినిపించుట వంటి భ్రాంతులు, ఎంత రుజువు చూపినను సడలని మిథ్యా విశ్వాసములు, పొంతన లేని ఆలోచన, మాట ఇందులో ముఖ్యమైనవి. స్కిజోఫ్రీనియా ఈ కోవకు చెందిన వ్యాధులలో ప్రధానమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ప్రపంచములో సుమారు 300 మందిలో ఒకరు ఆ వ్యాధితో జీవించుచున్నారు.

మూర్తిమత్వ లక్షణాంశము అనగా ఒక వ్యక్తి ఆలోచనలోను, భావములలోను, ప్రవర్తనలోను సంవత్సరముల తరబడి నిలిచి కనబడు తీరు. ఒకరు కలుపుగోలుగా ఉందురు, మరియొకరు ఒంటరితనమును ఇష్టపడుదురు. ఒకరు చిన్న విషయమునకే కలత చెందుదురు, మరియొకరు నిబ్బరముగా ఉందురు. ఇవి వ్యాధులు కావు. అందరిలోను ఎంతో కొంత ఉండునవే, ఎక్కువ తక్కువలే తేడా.

"లోనగు స్వభావము" అనునది ఈ రెంటి మధ్య నున్నది. ఇది వ్యాధి కాదు. కొన్ని పరిస్థితులలో వ్యాధికి దారితీయగల సిద్ధత మాత్రమే. ఈ మూడింటిని వేరుగా ఉంచుకొనుట చాల అవసరము. వీటిని కలిపివేయుట వలననే అనేక అపార్థములు పుట్టినవి.

3. తొలి ఆలోచనలు

జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1899లో తీవ్రమైన మానసిక వ్యాధులను రెండు పెద్ద తెగలుగా విభజించారు. ఆయన దృష్టిలో వ్యాధి ఉన్నవారికిని లేనివారికిని మధ్య గీత స్పష్టమైనది. స్విట్జర్లాండుకు చెందిన ఆయ్‌గెన్ బ్లాయిలర్ 1911లో ప్రచురించిన గ్రంథములో స్కిజోఫ్రీనియాను విపులముగా వివరించారు. వ్యాధి బయటపడకుండగనే దాని ఛాయలు గలవారు అనేకులున్నారని కూడ ఆయన గమనించారు. రోగుల బంధువులలో కొందరు వింతగాను, ముడుచుకొని పోయినట్టుగాను ఉండుటను వైద్యులు చూచుచునే ఉండిరి.

1921లో ఎర్నెస్ట్ క్రెష్‌మెర్ మరియొక అడుగు ముందుకు వేశారు. మామూలు మనుష్యుల అంతర్ముఖ స్వభావము, దానికి మించిన వింత స్వభావము, చివరకు స్కిజోఫ్రీనియా – ఇవి మూడును ఒకే దారిలోని మజిలీలని ఆయన తలంచారు. ఆయన శరీర నిర్మాణమునకు స్వభావమునకు కలిపిన ముడి నేడు నిలువలేదు. కాని స్వభావమునకు వ్యాధికి మధ్య మెట్లున్నవను ఆలోచన మాత్రము నిలిచినది.

4. మూడు నమూనాలు

ఆ తరువాత వచ్చిన నమూనాలలో మూడింటిని తెలిసికొనిన చాలును.

(అ) మీల్ నమూనా. 1962లో అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా నున్న పాల్ మీల్, స్కిజోఫ్రీనియాకు మూలము జన్యుపరమైన ఒక నాడీమండల లోపమని ప్రతిపాదించారు. ఆ లోపము గలవారిలో ఏర్పడు మూర్తిమత్వ తీరును "స్కిజోటైపీ" అని పిలిచారు. ఈ తీరు గలవారు జనాభాలో సుమారు 10 శాతమనియు, వారిలోను సుమారు పదవ వంతు మందికి మాత్రమే వ్యాధి వచ్చుననియు ఆయన అంచనా వేశారు. ఈ నమూనాను రక్తపు గ్రూపుతో పోల్చవచ్చును. ఒక గ్రూపు ఒకరికి ఉండును లేదా ఉండదు. సగము ఉండుట అనునది లేదు.

(ఆ) ఐసెంక్ నమూనా. లండనులో పనిచేసిన హాన్స్ ఐసెంక్ 1947లో మూర్తిమత్వమును బహిర్ముఖత, న్యూరోటిసిజమ్ అను రెండు కొలతలతో వర్ణించారు. 1952లో మూడవదిగా సైకోటిసిజమ్‌ను చేర్చారు. 1975లో ఆయనయు ఆయన భార్య సిబిల్ ఐసెంక్‌ను కలిసి ప్రచురించిన ప్రశ్నావళితో ఈ మూడవ కొలత ప్రసిద్ధి కెక్కినది. ఐసెంక్ దృష్టిలో ఇది ఒకే పొడవైన గీత. ఒక చివర పరుల బాధ ఎరిగిన సౌమ్యుడు, మధ్యలో మనలో చాలమంది, రెండవ చివర సైకోసిస్. ఎక్కడను తెగిన చోటు లేదు.

(ఇ) క్లారిడ్జ్ నమూనా. ఆక్స్‌ఫర్డ్‌లో బోధించిన గోర్డన్ క్లారిడ్జ్ ఐసెంక్ మార్గములోనే బయలుదేరి వేరొక చోటికి చేరుకొన్నారు. స్కిజోటైపీ అందరిలోను ఎక్కువ తక్కువలుగా ఉండు లక్షణాంశమే. అయితే ఆ లక్షణాంశము వేరు, దాని మీద వచ్చిపడు వ్యాధి వేరు అని ఆయన చెప్పారు. ఇక్కడ రక్తపోటు ఉపమానము సరిపోవును. రక్తపోటు లేని మనుష్యుడు లేడు. అది ఎక్కువగా ఉన్నవారు అనేకులు ఏ పక్షవాతము రాకుండగనే బ్రదుకుదురు. అయినను ఎక్కువ రక్తపోటు పక్షవాతమునకు దారితీయగలదు. ఆ రెండును ఒకటి కావు గాని సంబంధము లేనివియు కావు.

ఈ మూడు ఉపమానములను మనస్సునందు ఉంచుకొనిన మిగిలిన చర్చ సులభమగును.

5. పేరు ఒకటి, కొలిచినది మరియొకటి

ఐసెంక్ కొలమానములోని ప్రశ్నలు ఎక్కువగా కఠినత్వము, దయలేమి, ఆవేశము, కట్టుబాట్లను లెక్కచేయకపోవుట వంటి గుణములను అడుగునవి. ఖైదీలలో ఈ స్కోరు ఎక్కువగా ఉండుటను ఐసెంక్ దంపతులే చూపించారు. కాబట్టి ఇది సైకోసిస్‌ను కాక, సంఘవ్యతిరేక స్వభావమును కొలుచుచున్నదని అనేకులు విమర్శించారు.

ఈ వివాదమును తేల్చుటకు కాలమే సరియైన పరీక్ష. అమెరికాలోని విస్కాన్సిన్‌లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అను దంపతులు ఆ పరీక్షను చేశారు. వారు 1976 మొదలుకొని కొన్ని కొలమానములను తయారు చేశారు. సుఖానుభూతి లేమి, మనుష్యుల సహవాసములో ఆనందము లేకపోవుట, తన శరీరమే తనకు వింతగా తోచుట, లేని కార్యకారణ సంబంధములను నమ్ముట – ఇవి వారు కొలిచిన విషయములు. కాలేజీ విద్యార్థులకు వీటిని ఇచ్చి, పది సంవత్సరముల తరువాత వారిని మరల కలిసి మాట్లాడారు. ఆ ఫలితములు 1994లో వెలువడినవి.

వింత అనుభూతులు, వింత నమ్మకములు కొలుచు రెండు కొలమానములలో ఒకదానిపై గాని రెంటిపై గాని ఎక్కువ స్కోరు వచ్చినవారు 182 మంది. పోల్చి చూచుటకు తీసికొనిన మామూలు విద్యార్థులు 153 మంది. పది సంవత్సరములలో మొదటి గుంపులో నూటికి సుమారు 5 మందికి, రెండవ గుంపులో నూటికి సుమారు ఒకరికి సైకోసిస్ వచ్చినది. ఐసెంక్ కొలమానముపై ఎక్కువ స్కోరు వచ్చినవారిని కూడ వారు అదే రీతిగా వెంబడించి చూచారు. వారిలో కొన్ని వింత అనుభవములు ఎక్కువగా కనబడినవి గాని, సైకోసిస్ వ్యాధి మాత్రము ఇతరులకంటె ఎక్కువగా రాలేదు.

ఇందులో రెండు పాఠములున్నవి. మొదటిది, కొలమానమునకు పెట్టిన పేరును చూచి దాని అర్థమును నిర్ణయించకూడదు. రెండవది మరింత ముఖ్యమైనది. ఫలితమునిచ్చిన మంచి కొలమానము విషయములో కూడ, ఎక్కువ స్కోరు వచ్చిన నూరుమందిలో సుమారు 95 మందికి ఆ పది సంవత్సరములలో వ్యాధి రాలేదు. అపాయము అనేక రెట్లు పెరిగినదనుట నిజము. అయినను "ఇతనికి వ్యాధి వచ్చును" అని ఏ ఒక్కరిని గూర్చియు చెప్పుటకు ఆ స్కోరు చాలదు.

6. ఒక్క గుణము కాదు, కొన్ని పాయలు

సైకోసిస్‌కు లోనగు స్వభావము ఒకే గుణము కాదని తరువాతి పరిశోధనలు తేటపరచినవి. ఏడ్రియన్ రెయిన్ 1991లో 74 ప్రశ్నలతో ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. 1995లో ఆలివర్ మేసన్, క్లారిడ్జ్, జాక్సన్ అనువారు మరియొకటి ప్రచురించారు. వీటిలో తరచుగా మూడు పాయలు కనబడును. మొదటిది వింత అనుభవములు, నమ్మకములు. రెండవది మనుష్యుల నుండియు ఆనందము నుండియు వెనుకకు తగ్గుట. మూడవది ఆలోచన చెదరుట. మేసన్ బృందము ఆవేశపూరితమైన కట్టుబాటులేమిని నాలుగవదిగా చేర్చినది. అయితే ఈ నాలుగవది నిజముగా స్కిజోటైపీలో భాగమేనా అను ప్రశ్న మిగిలియే ఉన్నది.

ఇప్పుడు నేటి మనస్తత్వశాస్త్రములో ఎక్కువగా వాడబడు ఐదు అంశముల నమూనాతో వీటిని పోల్చుదము. ఆ ఐదు ఏవనగా: న్యూరోటిసిజమ్, బహిర్ముఖత, కొత్తదానిని స్వీకరించు గుణము, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ. పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే 1992లో సవరించి ప్రచురించిన ప్రశ్నావళి ఈ నమూనాకు ప్రామాణికమైనది.

వెనుకకు తగ్గు పాయ ఈ నమూనాలో తేలికగా ఇముడును. బహిర్ముఖత బాగుగా తక్కువగా ఉండుటయే దాని ముఖ్య గురుతు. ఆలోచన చెదరు పాయ ఎక్కువ న్యూరోటిసిజమ్‌తోను, తక్కువ కర్తవ్యనిష్ఠతోను కలిసి నడచును. అనుమానించు స్వభావము తక్కువ సౌమ్యతతో కలిసి కనబడును.

చిక్కంతయు వింత అనుభవముల పాయతోనే వచ్చినది. అది కొత్తదానిని స్వీకరించు గుణముతో కలియవలెనని కొందరు ఎదురుచూచారు. కొన్ని పరిశోధనలలో కలిసినది, కొన్నింటిలో కలియలేదు. 2012లో కాలిన్ డియంగ్, రేచల్ గ్రాజియోప్లీన్, జోర్డన్ పీటర్‌సన్ దీనికి ఒక వివరణనిచ్చారు. ఆ గుణములో రెండు భాగములున్నవి. ఒకటి ఊహాశక్తి, సౌందర్య దృష్టి. రెండవది తర్కబుద్ధి. లేని సంబంధములను చూచు ధోరణి మొదటి భాగముతో పాటు పెరుగును, రెండవ భాగము పెరిగినకొలది తగ్గును. రెంటిని కలిపి ఒకే స్కోరుగా వేసినప్పుడు ఒకదానినొకటి కొట్టివేయును. కాబట్టి స్కోరులో ఏమియు కనబడదు. కవికి, చిత్రకారునికి ఉండు ఊహాశక్తియే, దానిని సరిచూచు తర్కబుద్ధి బలహీనమైనప్పుడు, మనస్సును తప్పుదారి పట్టించగలదని దీనినిబట్టి ఊహించవచ్చును.

న్యూరోటిసిజమ్ విషయము వేరు. అది అన్ని పాయలతోను కొంత కలియును. బ్రిటనులో 1946లో పుట్టినవారిని జీవితకాలము వెంబడించిన ఒక పరిశోధనను ఆధారముగా తీసికొని, జిమ్ వాన్ ఆస్, పీటర్ జోన్స్ 2001లో ఒక విషయమును తెలిపారు. 16 ఏండ్ల వయస్సులో న్యూరోటిసిజమ్ ఎక్కువగా ఉన్నవారికి తరువాత స్కిజోఫ్రీనియా వచ్చు అపాయము పెరిగినది. బహిర్ముఖత ఎక్కువగా ఉన్నవారికి ఆ అపాయము తగ్గినది. అయితే ఎక్కువ న్యూరోటిసిజమ్ విషాదరోగమునకును, ఆందోళన రుగ్మతలకును కూడ దారి తీయగలదు. అది మనస్సు యొక్క సాధారణ బలహీనతను చూపును గాని, ఏ వ్యాధి వచ్చునో చెప్పదు.

7. నేటి వర్గీకరణలు

అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో ప్రచురించిన డి.ఎస్.ఎమ్.-5లో మూర్తిమత్వ రుగ్మతలకు ఒక ప్రత్యామ్నాయ నమూనా ఇవ్వబడినది. అందులో ఐదు విభాగములున్నవి. ఐదవ విభాగము పేరు మరల సైకోటిసిజమ్. అయితే ఇక్కడ ఆ మాటకు అర్థము మారినది. వింత నమ్మకములు, వింత అనుభూతులు, విపరీత ప్రవర్తన – ఇవే ఇందులో కొలువబడును. ఐసెంక్ ఆ పేరుతో కొలిచిన దయలేమి, ఆవేశము ఇక్కడ వేరే విభాగములకు వెళ్లిపోయినవి. కాబట్టి ఒక వ్యాసములో "సైకోటిసిజమ్" అను మాట కనబడినప్పుడు అది ఎవరి మాటయో తెలిసికొనకుండ ముందుకు పోకూడదు.

2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన ఐ.సి.డి.-11 వేరొక మార్గము పట్టినది. మూర్తిమత్వ లక్షణాంశముల జాబితాలో సైకోటిసిజమ్‌కు చోటివ్వలేదు. స్కిజోటైపల్ రుగ్మతను మూర్తిమత్వ రుగ్మతలలో గాక స్కిజోఫ్రీనియా తెగలోనే ఉంచినది. ఇది స్వభావమా, వ్యాధియొక్క తేలిక రూపమా అను పాత ప్రశ్నకు ప్రపంచములోని రెండు ప్రధాన వర్గీకరణలును ఇప్పటికిని ఒకే జవాబు ఇవ్వలేదని దీనివలన తెలియుచున్నది.

8. విశ్వాసమును కొలమానము ఎలాగు చూచును?

మన పాఠకులకు ఈ భాగము ప్రత్యేకముగా అవసరము. వింత నమ్మకములను కొలుచు ప్రశ్నావళులు కనబడని శక్తులను గూర్చియు, ముందుగా తెలియజేయబడుటను గూర్చియు, ఎవరో దగ్గర నిలిచియున్నట్టు తోచుటను గూర్చియు అడుగును. ప్రార్థనా జీవితము గల ఒక విశ్వాసి నిజాయితీగా "అవును" అని వ్రాసినయెడల స్కోరు పెరుగును. అంతమాత్రమున అతడు వ్యాధికి దగ్గరగా ఉన్నాడని చెప్పవచ్చునా?

1999లో బ్రిటనులో ఎమాన్యుయెల్ పీటర్స్, ఆమె సహచరులు దీనిని పరిశీలించారు. మిథ్యా విశ్వాసములతో ఆసుపత్రిలో ఉన్న రోగులను, కొత్త మత ఉద్యమములకు చెందినవారిని, క్రైస్తవులను, మతవిశ్వాసము లేనివారిని పోల్చి చూచారు. కొత్త మత ఉద్యమములవారు ఎన్ని వింత నమ్మకములకు "అవును" అన్నారు, ఎంత దృఢముగా నమ్ముచున్నారు అను రెండు విషయములలో రోగులకును వారికిని తేడా కనబడలేదు. తేడా మరియొక చోట నున్నది. ఆ నమ్మకముల వలన రోగులు చాల ఎక్కువగా బాధపడుచుండిరి. వారి మనస్సు పగలు రాత్రి దానిలోనే చిక్కుకొని యుండెను. క్రైస్తవుల స్కోరులు మతవిశ్వాసము లేనివారి స్కోరులవలెనే ఉన్నవి.

కాబట్టి ఏమి నమ్ముచున్నాడు అను ప్రశ్న ఒక్కటే చాలదు. ఆ నమ్మకము అతనిని ఏమి చేయుచున్నది అని కూడ అడుగవలెను. వింత అనుభవము కలిగిన ప్రతివాడును రోగి కాడనుటకు మరియొక సాక్ష్యమున్నది. 18 దేశములలో 31,261 మంది వయోజనులను ప్రశ్నించి 2015లో ప్రచురించిన పరిశోధనలో, జీవితములో ఒక్కసారియైనను సైకోసిస్ వంటి అనుభవము కలిగినవారు 5.8 శాతమని తేలినది. వారిలో సుమారు మూడవ వంతు మందికి అది ఒకే ఒకసారి కలిగి పోయినది.

9. పరిచర్యలో ఉన్నవారికి కొన్ని సూచనలు

మొదటిది, ప్రశ్నావళితో వ్యాధిని నిర్ణయించకూడదు. ఎక్కువ స్కోరు వచ్చిన యువకుని మీద ముద్ర వేసినయెడల అతని చదువు, వివాహము, సేవ అన్నియు దెబ్బతినును. ఆ నూరుమందిలో సుమారు 95 మంది విషయములో అది అన్యాయపు ముద్ర.

రెండవది, స్వభావముకంటె మార్పును గమనించవలెను. చిన్ననాటి నుండియు ఒంటరిగా ఉండువాడు తన స్వభావము చొప్పున ఉన్నాడు. కలుపుగోలుగా ఉండినవాడు కొన్ని నెలలలో ముడుచుకొని పోయినయెడల, నిద్ర, చదువు, శుభ్రత తప్పినయెడల అది వేరు సంగతి.

మూడవది, బాధను, ఆ విషయములోనే మునిగిపోవుటను, దినచర్య దెబ్బతినుటను మృదువుగా అడిగి తెలిసికొనవలెను. అతనితో వాదించి గెలువవలెనని చూడకూడదు, అతడు చెప్పినదానికి తలయూపి బలపరచకూడదు. ఆత్మహత్య తలంపులున్నవా అని అడుగుటకు సంకోచింపకూడదు.

నాలుగవది, ఆలస్యము చేయకూడదు. చికిత్స లేకుండ గడచిన కాలము పెరిగినకొలది కోలుకొనుట కష్టమగునని పరిశోధనలు మరల మరల చూపించినవి. ప్రార్థనను చికిత్సకు పోటీగా నిలుపకూడదు. మందులు మానమని ఎవరికిని చెప్పకూడదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

10. ముగింపు

మీల్, ఐసెంక్, క్లారిడ్జ్ నమూనాలలో ప్రతిదియు ఒక సత్యమును పట్టుకొన్నది. అయితే సైకోసిస్‌కు లోనగు స్వభావమునకు మూర్తిమత్వ పటములో ఒకే చోటు లేదు. దాని ఒక పాయ అంతర్ముఖతలోను, ఒకటి కలతలోను, ఒకటి ఊహాశక్తిలోను కనబడును. ఆ గుణములన్నియు కోట్లాదిమంది ఆరోగ్యవంతులలో ఉన్నవే. లక్షణాంశములు మనుష్యుని వర్ణించును గాని అతని భవిష్యత్తును వ్రాయవు.

మొదట చెప్పిన ఇద్దరు యువకుల యొద్దకు తిరిగి వచ్చెదము. గొడవచేయువానికి క్రమశిక్షణయు, ఓర్పుగల కౌన్సెలింగును అవసరము కావచ్చును. వానిని పిచ్చివాడని పిలుచుట మాత్రము పొరపాటు. మెల్లగా మాట్లాడినవానిని అతని తల్లితో కూడ కూర్చుండబెట్టుకొని, వాని మాట పూర్తిగా విని, ఆ వారములోనే మానసిక వైద్యుని యొద్దకు వెంట తీసికొని పోవలెను. గొడవ లేదు గనుక బాధ లేదని అనుకొనుటయే ఇంటివారును మనమును చేయు పెద్ద తప్పు.